మళ్ళీ ఒకసారి ఏడవమన్నారు

పైన్ ఫోర్క్, అలబామా
జూన్, ఆదివారం మధ్యాహ్నం

నా ఒఫీలియా అక్కకి,

నువ్వు పంపిన గౌన్లు అందాయి. పసుపుపచ్చది పిల్లకి కాస్త వదులైందట. అల్లుడు ట్రవాన్ చెప్పాడు. నేను తొడిగి చూడలేదు.

అక్కా, డిట్రాయిట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు "సరాయ ఎలా ఉంది? నవ్వుతోందా? కియోనా పోలికేనా?" అని అడుగుతావు. నేను "బాగానే ఉంది" అనేసి వానల గురించో, బడి బస్సు గురించో ఎత్తుతాను. ఇవాళ ఆ "బాగానే" వెనకాల ఏముందో రాస్తాను. ఫోన్లో నాకు నోరు పెగలదు. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ చివరిదాకా చదివి తిట్టు.

నేను ఆ పిల్లని ఎత్తుకోలేకపోతున్నాను.

పాలు కలుపుతాను, సీసా ట్రవాన్ చేతికిస్తాను. గుడ్డలు ఉతికి ఆరేస్తాను. అతను కోళ్ళ ఫ్యాక్టరీకి పనికి పోతే పక్కింటి జలీసా వచ్చి పిల్లని చూసుకుంటుంది. జలీసా నీకు గుర్తుండదు, నువ్వు వెళ్ళాక పుట్టిన పిల్ల. కియోనా దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు తనే కడుపుతో ఉంది. "నాకు అలవాటవుతుంది కదా మిస్ వెర్లీన్" అంటూ పొట్ట మీద పిల్లని ఆనించుకుని ఊపుతుంది. నేను వంటింట్లో నిలబడి చూస్తాను. కన్న కూతురి కూతురు! నా రక్తం! నా చేతులు మాత్రం లేవవు. ఆ పిల్ల ఏడిస్తే నాకు ఏడుపు వినపడదు, కారు హారన్ వినపడుతుంది.

ఆ రోజు సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. సమాధి దగ్గర నేనేం చెప్పానో నాకే గుర్తులేదు. కియోనాకి ముందు తలనొప్పి వచ్చింది. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టలేదు. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంది. మన ఊరి ఆస్పత్రిలో కాన్పుల వార్డు మూసేసి ఏళ్ళయింది కదా, మొగుడూ పెళ్ళాలు పట్నం ఆస్పత్రికి పోయారు. అక్కడ కూర్చోబెట్టి, కూర్చోబెట్టి, చివరికి "మొదటి కాన్పు కదా, కంగారు పడుతున్నావు, ఇంటికెళ్ళి కాళ్ళెత్తి పడుకో" అని తలనొప్పి మాత్రలిచ్చి పంపారు. నా కూతురు నోరులేని పిల్ల కాదక్కా. టీచరమ్మ. తనకేమవుతోందో విడమరిచి చెప్పిందట. విన్నారు. నమ్మలేదు.

మర్నాడు పొద్దున వరండాలో కూలబడిపోయింది. అంబులెన్సు ఎప్పుడొస్తుందో తెలీక కార్లో వేసుకుని బయల్దేరాం. వెనక సీట్లో దాని తల నా ఒళ్ళో. కర్రలు కోసే మిల్లు దాటేసరికి ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. అమ్మమ్మ గుర్రపువాతం అనేది చూడు, అదే. ట్రవాన్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి హారన్ మీద నుంచి తీయలేదు. ఆ దారి పొడుగునా ఆ హారన్ ఆగలేదు. ఆస్పత్రిలో కోసి పిల్లని బయటికి తీశారు. కియోనా కళ్ళు తెరవలేదు.

నిన్న టేబుల్ వాళ్ళు వచ్చారు. అవునక్కా, మన అమ్మ కూర్చున్న ఆ బల్లే. చర్చి వెనక గదిలో నెలనెలా కూడి, ఎవరికి తోచిన డబ్బు వాళ్ళు పళ్ళెంలో వేసి, ఎవరింట చావొచ్చినా, ఎవరి పిల్ల చదువుకి బయల్దేరినా ముందు నిలబడే ఆడవాళ్ళే. ఇప్పుడు పెద్ద దిక్కు మిస్ ఆర్లీథా. జడలల్లే జుట్టు దుకాణం కోడలికి అప్పజెప్పి ఇదే పనిగా తిరుగుతోంది. పాత బడి కట్టడాన్ని కాన్పుల ఇల్లుగా మార్చాలని పట్టుదల. చదువుకున్న మంత్రసాని ఒకామె, మన పిల్లే, అట్లాంటా నుంచి వచ్చేస్తానందట. శనివారాలు చర్చి గదిలో ఆడవాళ్ళందరూ చేరి ఎవరి కాన్పు కథ వాళ్ళు చెప్పుకుంటున్నారు. చర్చి రేడియోలో కూడా వేస్తున్నారు.

"నువ్వూ రా వెర్లీన్" అంది మిస్ ఆర్లీథా. "చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చో."

"మీరు తెచ్చిన కోడికూర బావుంది, గిన్నె కడిగి పంపిస్తాను" అన్నాను. ఆమెకి అర్థమైంది, లేచి వెళ్ళిపోయింది.

ఇక అసలు మాట. సరాయని నువ్వు తీసుకెళ్తావా అక్కా? నీ కోడలికి పిల్లలంటే ప్రాణమని ఎప్పుడూ అంటావు. ఇక్కడుంటే ఆ పిల్ల తనని ముట్టుకోని అమ్మమ్మని చూస్తూ పెరుగుతుంది. అంతకన్నా పెద్ద పాపం నాకు తోచడం లేదు.

నీ
వెర్లీన్


జూలై

అక్కా,

నువ్వు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ట్రవాన్ ఒప్పుకుంటే నెలాఖరుకి వస్తాను, కానీ ఇంకోసారి ఆలోచించు" అని రాశావు. ఆలోచించడానికి నాకు బుర్ర మిగల్లేదు. ఈ నెలలో ఏం జరిగిందో విను.

పట్నంలో ఒక పెద్ద ఫౌండేషన్ ఉందట. టేబుల్ వాళ్ళ సంగతి ఎవరో చెప్పగా, కాన్పుల ఇంటికి కావలసినదంతా మేమే ఇస్తామని వచ్చారు. దానికి బదులు ఒక చిన్న సినిమా కావాలన్నారు. డబ్బున్న పెద్దవాళ్ళ విందులో వేసి చూపిస్తారట. అందులో నేను ఉండాలి. మిస్ ఆర్లీథా మా మెట్ల మీద కూర్చుని చాలాసేపు చేతిసంచీ గొలుసు తిప్పుతూ ఉండిపోయింది. "నేను అడగను వెర్లీన్. వాళ్ళు అడగమన్నారు, నీకు చెప్తున్నాను, అంతే" అంది.

అప్పుడే జలీసా పిల్లని ఎత్తుకుని మా గేటు తీసుకుని వస్తోంది. నడక మారిపోయింది, బాతులా ఊగుతోంది. దీనికి నొప్పులొస్తే ఇదీ ఆ రోడ్డు మీదే కదా పోవాలి అనుకున్నాను. సరేనన్నాను.

వాళ్ళు వచ్చారు. మెత్తగా మాట్లాడే ఒకావిడ, కెమెరా పట్టుకున్న కుర్రవాడు, దీపాలు మోసే ఇంకొకతను. మర్యాదస్తులే. కాఫీ ఇస్తే రెండుసార్లు థాంక్స్ చెప్పారు. తర్వాత ఆవిడ గోడ వంక చూసి, "ఆ ఫొటో కాసేపు తీసేయవచ్చా?" అంది. కియోనా డిగ్రీ పుచ్చుకున్న రోజుదక్కా, నల్ల టోపీ, నువ్వు పంపిన ముత్యాల గొలుసు. "అద్దం మీద వెలుగు పడుతోంది" అంది. ఫొటో దించాను. తర్వాత టీవీ జరపమన్నారు. ఆదివారం బట్టలు వేసుకున్నాను కదా, "ఇంట్లో మామూలుగా వేసుకునేవి ఏమైనా..." అంది. మార్చుకున్నాను. చూస్తూండగా నా ఇల్లు నాకే తెలియని ఎవరో దరిద్రుల ఇల్లయిపోయింది. అప్పుడు పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

అప్పటిదాకా నేను ముట్టుకోని పిల్ల! వాళ్ళకేం తెలుసు? నా చేతులు చెక్కలైపోయాయి. సరాయ నా ముఖంలోకి చూసింది. నేను కెమెరా వైపు తిరిగి చెప్పడం మొదలెట్టాను. తలనొప్పి, చెప్పులు, మాత్రలు, మిల్లు దగ్గర మలుపు. గొంతు దానంతటదే తెరుచుకుంది. హారన్ దగ్గరికొచ్చేసరికి ఏడ్చేశాను. అంత ఏడుపు దాని శవం దగ్గర కూడా ఏడవలేదు.

అయిపోయింది. కుర్రవాడు చెవులకి పెట్టుకున్నది తీసి ఆవిడ చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"అద్భుతంగా చెప్పారు మేడం. సరిగ్గా చివర్లో బయట లారీ వెళ్ళింది, శబ్దం పాడైంది. ఇంకొక్కసారి చెప్తారా? ఆ కారు దగ్గర్నుంచి చాలు. ఇందాకటిలాగే అక్కడికి వచ్చేసరికి కన్నీళ్ళు వస్తే..."

నేను లేచాను. పిల్లని జలీసాకిచ్చాను. గోడ దగ్గరికి వెళ్ళి ఆ దీపాల ప్లగ్గు పీకేశాను.

"మీకు కావలసింది నా కూతురి కథ కాదమ్మా, దాని చావు. అది కూడా మీకు వీలైనప్పుడల్లా చావాలి. లేవండి" అన్నాను.

వెళ్ళారు. తర్వాత టేబుల్ వాళ్ళకి మర్యాదగా ఒక జవాబు వచ్చింది. వాళ్ళ ఆలోచనలు మారాయట, వచ్చే ఏడాది చూస్తారట. నా నోటి దురుసుతో ఊరికి రావలసిన కాన్పుల ఇల్లు పోయింది. ఎవ్వరూ నా ముఖం మీద అనలేదు, జలీసా వాళ్ళ పిన్ని లర్లీన్ తప్ప. సరుకుల కొట్లో అందరి ముందూ అంది: "ఏడవడానికి కూడా పరువు అడ్డమొచ్చిందా వెర్లీన్? నీ బిడ్డ ఎలాగూ పోయింది. మా బిడ్డల సంగతి ఏమిటి?"

  మొక్కజొన్నపిండి సంచీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

మిస్ ఆర్లీథా మర్నాడు దువ్వెన, నూనె సీసా పట్టుకుని వచ్చింది. "నిన్నేమీ అడగడానికి రాలేదు. అద్దంలో తల చూసుకున్నావా? పిచ్చిక కూడా గూడు పెట్టడానికి ఇష్టపడదు" అంటూ నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి చిక్కు తీసింది. పాయలు తీస్తూ, "తప్పు నాది. మన బల్ల దగ్గరికి ఎవరిని రానివ్వాలో మన అమ్మలకి తెలుసు, నేను మర్చిపోయాను" అంది.

"ఇల్లు పోయింది కదా మిస్ ఆర్లీథా."

"ఇల్లెక్కడికి పోతుంది? అక్కడే ఉంది, కప్పు లేకుండా. వాళ్ళు రాకముందు మనం బతకలేదా? మన పళ్ళెం మనకుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

"ఆలస్యమైతే?" అన్నాను.

ఆవిడ చెయ్యి నా తల మీద ఆగిపోయింది.  పక్కింటి వరండాలో జలీసా కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

నెలాఖరుకి తప్పకుండా రా. నేను ఆలోచించడం అయిపోయింది.

వెర్లీన్


ఆగస్టు

అక్కా,

ట్రవాన్ ఒప్పుకున్నాడు. అతన్ని అడగడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. అతనికి రేవుపట్నం మొబైల్‌లో ఓడలు కట్టే చోట పని దొరికింది, అక్కడ పసిపిల్లతో ఒక్కడూ ఎలా ఉంటాడు? భోజనం దగ్గర చెప్పాను. చేపముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. ఒకటే మాటన్నాడు: "అమ్మా, మీరు నా కూతుర్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. తెలుసా మీకు?" కోపంగా కూడా అనలేదు. లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ పేరు కియోనా పెట్టింది. ఆరో నెల నుంచీ పొట్ట మీద చెయ్యేసుకుని ఆ పేరుతోనే పిలిచేది. నేను పిలిస్తే అది పిలిచినట్టు ఉంటుంది. అందుకే పిలవలేదని అతనికి ఎలా చెప్పను?

బడులు తెరిచారు. బస్సు ఎక్కుతున్నాను. అద్దంలో పిల్లలందరూ కనిపిస్తారు, అందరూ కియోనా దగ్గర పాటలు నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు పాడటం మానేశారు, నన్ను చూసి. నేను చచ్చిపోతాననుకోకు, దేవుడంటే భయముంది నాకు. కానీ పొద్దున లేవగానే ఎందుకు లేచానా అనిపిస్తుంది. ప్రార్థన చేయబోతే మాట రాదు. ఎవరికి మొరపెట్టుకోను? వినేవాళ్ళంతా విన్నారు. ఏమైంది?

ఇంకొకటి. జలీసా నిన్న వచ్చి, రెండు రోజుల నుంచి తల పగిలిపోతోందంది. నేను దాని కాళ్ళ వైపు చూశాను. చెప్పుల పట్టీలు విప్పి ఈడ్చుకుంటూ నడుస్తోంది. "డాక్టరు దగ్గరికి పో" అని గట్టిగా అరిచి, లోపలికి వచ్చేసి తలుపు వేసుకున్నాను. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. మళ్ళీ చూడలేనక్కా. ఇంకొకరిది చూడలేను.

త్వరగా రా.

వెర్లీన్


సెప్టెంబరు, సోమవారం

నా బంగారు అక్కా,

రైలు టికెట్టు తీసుకున్నానని రాశావు. మంచిది. కానీ ముందు ఇది చదువు, తీరుబడిగా కుర్చీ వేసుకుని చదువు.

ముందటి ఉత్తరం పోస్టులో వేసిన రోజే జరిగింది. పిల్లల్ని బళ్ళో దింపేసి ఇంటికి వచ్చేసరికి లర్లీన్ మా వాకిట్లో నిలబడి ఉంది. కొట్లో నన్ను కడిగేసిన లర్లీనే. చెమటలు కారుతున్నాయి. "వెర్లీన్, నా బండి కదలడం లేదు. పిల్లకి కళ్ళు మసకలంటోంది. నువ్వు తప్ప దిక్కులేదు" అంది.

అక్కా, నేను రానని చెప్పాలనే నోరు తెరిచాను. నా నోట "తాళాలు తెస్తానుండు" అని వచ్చింది.

మిల్లు దగ్గర మలుపులో స్టీరింగు మీద నా చేతులు బిగుసుకుపోయాయి. వెనక సీట్లో జలీసా, "మిస్ వెర్లీన్, మీరేమీ మాట్లాడటం లేదు, నాకు భయంగా ఉంది" అంది. దానికోసం నోటికొచ్చింది మాట్లాడాను. కియోనా చిన్నప్పుడు చర్చిలో పాస్టరుగారి టోపీలో కప్పని పెట్టిన సంగతి చెప్పాను. జలీసా నవ్వింది. కియోనా పోయాక దాని గురించి నేను చెప్పిన మొదటి మాట అదే. చావు లేని మాట.

అదే ఆస్పత్రి. అదే గది, అవే కుర్చీలు. పేరు రాసుకున్నారు, బీపీ చూశారు, కూర్చోమన్నారు. చాలాసేపటికి ఒక నర్సు వచ్చి, "బీపీ కొంచెం ఎక్కువే, కానీ మొదటి కాన్పు కదా, కంగారు పడితే అలాగే ఉంటుంది. ఉప్పు తగ్గించు, ఇంటికెళ్ళి కాళ్ళెత్తి పడుకో" అని కాగితం ఇచ్చింది.

అక్షరం పొల్లుపోకుండా అదే మాట!

లర్లీన్ సంచీ సర్దుకుంటోంది. జలీసా గోడ పట్టుకుని లేస్తోంది. "కూర్చో" అన్నాను. కౌంటరు దగ్గరికి వెళ్ళాను.

"ఈ పిల్లని మళ్ళీ చూడాలమ్మా. డాక్టరు చూడాలి."

"పంపేశాం మేడం. ఏమైనా తేడాగా ఉంటే మళ్ళీ రండి."

"మళ్ళీ రావడానికి ఉండరమ్మా" అన్నాను.

"గొంతు తగ్గించండి మేడం. వెనక ఇంకా చాలామంది ఉన్నారు."

ఉన్నారు. వెనక్కి తిరిగి చూశాను. కుర్చీల నిండా మన నల్లవాళ్ళే, మన ఆడవాళ్ళు. ఒడిలో పిల్లలతో, చేతికర్రలతో, ఫోన్లు చూసుకుంటూ. నేను కౌంటరుకి వీపు పెట్టి వాళ్ళ వైపు తిరిగాను. ఎందుకు తిరిగానో చెప్పలేను. కౌంటరు అవతలివాళ్ళకి చెప్పి చెప్పి నా కూతురు పోయింది, ఇవతలివాళ్ళకి చెబుదామనిపించిందేమో.

"నా పేరు వెర్లీన్. పైన్ ఫోర్క్‌లో బడి బస్సు నడుపుతాను. నా కూతురు కియోనా ఈ వసంతంలో ఇక్కడే, ఆ కుర్చీలో కూర్చుంది" అని మొదలుపెట్టాను. ఏడవలేదు. బస్సులో పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. తలనొప్పన్నాను. మాత్రలన్నాను. ఇవాళ ఈ పిల్లకి చెప్పిన మాటే ఆ పిల్లకీ చెప్పారన్నాను. "కియోనాకి ఒక కూతురుంది. పేరు సరాయ" అన్నాను. ఆ పేరు నా నోట అక్కడ వచ్చిందక్కా, పరాయి ఊళ్ళో, పరాయివాళ్ళ మధ్య.

సెక్యూరిటీ అతను వచ్చి, "అమ్మా, బయటికి నడవండి" అన్నాడు. చెయ్యి మాత్రం వేయలేదు.

అప్పుడు కిటికీ పక్కనున్న ఒక ముసలామె చేతికర్ర ఊతంతో లేచింది. "ఆగు నాయనా. ఆవిడ చెప్పడం అవ్వలేదు. అయ్యాక నాదుంది" అంది. "నా మనవరాలు. ఇక్కడే. దాన్ని కూడా పడుకోమన్నారు." వెనక నుంచి ఇంకొకామె, పసిదాన్ని భుజాన వేసుకున్నది, "నాకు కుట్లు ఊడిపోతే గ్యాస్ నొప్పన్నారు. బతికానంటే మా అత్తగారు కదలనన్నందుకే" అంది. ఒకరి మాట అవకముందే ఇంకొకరు. అరవడం కాదక్కా. చెప్పడం. శనివారం చర్చి గదిలో ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. సెక్యూరిటీ అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కౌంటరులో ఉన్నామె ఫోనెత్తింది, పోలీసులకనుకున్నాను. డాక్టరు వచ్చింది.

చిన్న వయసు. అలసిపోయి ఉంది. జలీసా ముందు మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళు నొక్కి చూసింది, బీపీ మళ్ళీ తనే చూసింది. ముఖం మారిపోయింది. "కుర్చీబండి తీసుకురండి. ఇప్పుడే" అంది. లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికే జలీసాకి ఒళ్ళు కొట్టుకోవడం మొదలైందట. కానీ మందు సిద్ధంగా ఉంది, చేతులు సిద్ధంగా ఉన్నాయి. రోడ్డు మీద కాదు, కార్లో కాదు.

మగపిల్లాడు. ఇద్దరూ బతికారు.

లర్లీన్ ఆ నేల మీదే కూర్చుని ఏడ్చింది. నేను కారు దగ్గరికి వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడ్డాను. సంతోషం అనకు అక్కా, అది సంతోషం కాదు. నా గుండె రెండు ముక్కలైంది. ఇంత సులువా? ఇంతేనా చేయాల్సింది? ఒక బండి, ఒక సూది. నా బిడ్డకి ఇంతమాత్రం అందలేదు. ఈ బాధ ఇక తగ్గదు, నాకు తెలుసు. ఆ ఆస్పత్రి మారిందని కూడా అనుకోకు. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే కాగితం ఇస్తారేమో.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ట్రవాన్ వరండాలో పిల్లని భుజాన వేసుకుని తిప్పుతున్నాడు, గుక్కపెట్టి ఏడుస్తోంది. అంతకుముందే లర్లీన్ ఫోన్ చేసి చెప్పేసింది. అతను నా వంక చూశాడు. నేను చేతులు చాపాను. "సరాయా, రా అమ్మా" అన్నాను. బరువుగా ఉంది. ఇంత బరువుంటుందని నాకు తెలీదు. దాని ఏడుపు ఏడుపులాగే వినిపించింది.

ఆ శనివారం చర్చి గదికి వెళ్ళాను. ఆస్పత్రిలో ఉన్న ముసలామె కూడా వచ్చింది, తన ఊరి చర్చి ఆడవాళ్ళని వ్యానులో ఎక్కించుకుని. కెమెరా లేదు. బల్ల మీద వేయించిన చేపలు, కాలర్డ్ ఆకుకూర, చిలగడదుంప కూరిన తియ్యటి "పై". మధ్యలో పళ్ళెం. నేను చెప్పాను, మొదటి నుంచీ. కియోనా పుట్టిన దగ్గర్నుంచి. కప్ప సంగతి రాగానే పాస్టరుగారి భార్య, "అది మీ పిల్ల పనా! మా ఆయన నన్ను అనుమానించాడు ఇన్నేళ్ళూ" అంది. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ట్రవాన్ లేచాడు. అతను ఇంతవరకూ ఎక్కడా నోరు విప్పలేదు. "ఆ రోజు హారన్ ఎందుకు ఆపలేదో మీకెవ్వరికీ తెలీదు" అన్నాడు. "దారిలో బళ్ళు ఏమీ లేవు. హారన్ ఆపితే నా ఏడుపు కియోనాకి వినపడుతుందని." నేను వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను.

రేడియోలో అది విన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పంపుతున్నారు. బర్మింగ్‌హామ్‌లో కాలేజీ అక్కచెల్లెళ్ళ సంఘం, అట్లాంటాలో జుట్టు దుకాణాల వాళ్ళు, మన ఊరి నుంచి పోయి లారీ తోలుకుంటున్న ఒకతను లారీడు కలప. మిస్ ఆర్లీథా అందరినీ ముందే అడుగుతోంది, "బదులుగా ఏం కావాలి?" అని. బర్మింగ్‌హామ్ ఆవిడ, "మా వంతు కథ కూడా ఒక శనివారం వింటారా?" అందట. "మీరొస్తే చిలగడదుంప పై చేస్తాను" అంది మిస్ ఆర్లీథా. పాత బడికి కప్పు సగం వేశారు. ఇంకా చాలా పని ఉంది. ఆలోపు కడుపుతో ఉన్నవాళ్ళని పట్నం తీసుకెళ్ళడానికి మేం వంతులు వేసుకున్నాం. ఒక్కరినీ ఒంటరిగా పంపడం లేదు. నేను బస్సు లేని వేళల్లో వెళ్ళి ఆ కుర్చీల్లో కూర్చుంటున్నాను. నన్ను చూస్తే కౌంటరులో ఆమె నిటారుగా కూర్చుంటోంది.

అందుకని అక్కా, నువ్వు రా. పిల్లని తీసుకెళ్ళడానికి మాత్రం కాదు. ట్రవాన్ మొబైల్ వెళ్ళి శనివారాలకి వస్తానంటున్నాడు. సరాయ నా దగ్గరే ఉంటుంది. నీ కోడలికి నా తరఫున క్షమాపణ చెప్పు, ఆశ పెట్టి లేదన్నాను.

ఒక్కటి మాత్రం రాయనా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. డిట్రాయిట్ వెళ్ళిన కొత్తలో నీకు మొదటి కాన్పులో బిడ్డ పోయింది కదా. అమ్మ మాకు ఆ మాట ఎత్తనివ్వలేదు. "అడిగితే దానికి బాధ" అనేది. నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఆడపిల్లో, మగపిల్లాడో కూడా నాకు తెలీదు. నీ సొంత చెల్లెలిని, నాకే తెలీదు. ఆ బిడ్డకి నువ్వు పేరేమైనా పెట్టుకున్నావా అక్కా?

శనివారం బల్ల దగ్గర నా పక్క కుర్చీ నీకు అట్టిపెట్టమని చెప్పాను. చెప్పాలనిపిస్తే చెప్పు. లేదంటే ఆకుకూర తుంచుతూ కూర్చో. నేను నీ పక్కనే ఉంటాను.

ఎదురుచూస్తూ,
నీ చెల్లెలు వెర్లీన్,
సరాయ అమ్మమ్మ